పిడికెడు బియ్యంతో మొదలయ్యే రోజు

మా పాప పుట్టిన తర్వాత మొట్టమొదటిసారి ఒకచోట కుదురుగా కూర్చున్నది మా వంటింట్లో, బియ్యం డబ్బా ముందు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజు నాకు కలిగిన సంబరం ఇంకా తగ్గలేదు, చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

ముందు మా సంగతి చెప్పాలి. మాది నంద్యాల. నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సును. మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. గోస్పాడు వైపు పల్లెల రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి ఆయన ముందు పడేసి పోతారు. సన్నటి రాగితీగను చుట్టు వెంట చుట్టు లెక్కపెట్టుకుంటూ కదలకుండా కూర్చునే మనిషి ఆయన. అలాంటి ఓపికమంతుడికీ, నాలాంటి నోటి దురుసు మనిషికీ కలిపి దేవుడు ఒక్క కూతుర్ని ఇచ్చాడు. ఎనిమిదేళ్లది, మూడో తరగతి. కాళ్లకు చక్రాలు కట్టి మరీ పంపించాడు.

"పళ్లు తోముకుని రా" అంటే బ్రష్షు పట్టుకుని పెరట్లోకి పోయేది. దారిలో చీమల బారు కనిపించేది. ఆ చీమలు ఎక్కడికి పోతున్నాయో చూడడానికి గోడ ఎక్కేది. గోడ అవతల పక్కింటి సాయిబుల పెద్దామె, మేం ఖాలా అంటాం. ఆమె చేతిలో ఎప్పుడూ తినేది ఏదో ఒకటి ఉంటుంది. అది తిని, ఆమెకు మా ఇంటి కబుర్లన్నీ చెప్పి, పాప తిరిగి వచ్చేసరికి బ్రష్షు ఉండేది కాదు. ఏదే అని అడిగితే దాని ముఖంలో నిజమైన ఆశ్చర్యం. "ఏ బ్రష్షు?" అనేది. అబద్ధం కాదు, దానికి నిజంగానే గుర్తుండేది కాదు. ఒకరోజు సాక్సు ఫ్రిజ్‌లో దొరికింది. స్కూలు వ్యాను హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయేది. నేను అరిచేదాన్ని. డ్యూటీకి చేరేసరికి నా గొంతు బొంగురుపోయేది. "సిస్టరమ్మకు జలుబు చేసిండాది" అని పేషెంట్లు నా మీద జాలిపడేవాళ్లు.

ఇల్లు పీకి పందిరేయడం అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. మా పాప పుట్టాకే దాని అర్థం తెలిసింది.

స్కూల్లోనూ అంతే. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసేది, జవాబు సగంలో ఉండగానే కిటికీ దగ్గరికి పోయేది. టీచర్లు మమ్మల్ని పిలిపించినప్పుడల్లా నేను ఒక్కదాన్నే పోయేదాన్ని. మా ఆయన రాడు. ఒకప్పుడు ఆయన పాపను షాపుకు తీసుకుపోయేవాడు. ఒకరోజు ఆయన టీ తాగి వచ్చేలోపల, పొద్దుటి నుంచి చుట్టిన తీగనంతా పాప విప్పేసి మెళ్లో దండ వేసుకుంది. "నాయనా, బంగారం" అని చూపించిందట. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడట. ఆ తర్వాత పాపను షాపుకు తీసుకుపోలేదు. నాతో మాట్లాడేటప్పుడు "నీ కూతురు" అనడం మొదలుపెట్టాడు.

మా అత్త ఆళ్లగడ్డలో ఉంటుంది. ఆమెకు ఈ కబుర్లన్నీ ఫోనులో చేరేవి. దయ్యమేమోనని ఒకసారి, దిష్టేమోనని ఒకసారి అనేది. ఉపవాస ప్రార్థన పెట్టించింది కూడా. మా ఆయన అక్క, అంటే నాకు వదిన, కడప అవతల ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఆమెది ఒకటే మాట. ఒకరోజు ఫోను స్పీకర్లో పెట్టించి మా ఇద్దరికీ చెప్పింది.

"మొక్కై వంగనిది మానై వంగుతాదా? ఈసారి కోత పండగకు ఆళ్లగడ్డకు వస్తాండా. పోయేటప్పుడు పిల్లను నా ఎంబడి తీసుకపోతా. మా హెడ్డమ్మతో మాట్లాడినా, ఏడాది మధ్యలో అయినా చేర్చుకుంటారు."

"సరేక్కా" అన్నాడు మా ఆయన. నన్ను అడగలేదు.

ఫోను పెట్టేశాక నేను ఊరుకుంటానా? "నా బిడ్డ ఏమన్నా మోటారా, కాలిపోతే ఇంకొకరి దగ్గర పడేసి రావడానికి?" అని అడిగాను. ఆయన తల ఎత్తలేదు.

"ఆడ నలుగురి పిల్లల్లో పడితే అదే నేర్చుకుంటాది. మన చేతుల్లో ఏముండాది చెప్పు?" అన్నాడు.

కోత పండగ అంటే మా చర్చిల్లో పంటలు ఇంటికొచ్చే రోజుల్లో చేసే పండగ. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు, తర్వాత వాటిని వేలం వేస్తారు. అది రావడానికి ఇంకా కొన్ని నెలలు ఉంది. ఆ నెలల్లో నా బిడ్డ దారిన పడకపోతే దాన్ని హాస్టల్‌కు పంపించేస్తారు. రాత్రి దాని పక్కన పడుకుని దాని వెంట్రుకల వాసన చూస్తూ ఏడ్చాను. తెల్లవారి లేచి సెలవు పెట్టి, పాపను తీసుకుని కర్నూలు బస్సెక్కాను.

కర్నూలులో పిల్లల డాక్టరు ఒకావిడ పాపతో చాలాసేపు మాట్లాడింది, బొమ్మలు ఇచ్చి ఆడించింది, నన్ను వంద ప్రశ్నలు అడిగింది. చివరికి ఏడీహెచ్‌డీ అని, పిల్లకు ధ్యాసా కుదురూ నిలవని సమస్య అని చెప్పింది. నర్సునైన నాకు ఆ పేరు తెలుసు. మన ఇంటి పిల్లకు ఆ పేరు పెట్టుకోవడం వేరు. నేను ఏడుపుకు సిద్ధంగా ఉన్నాను. ఆమె మాత్రం మామూలుగా చెప్పుకుపోయింది.

"ఇది పిల్ల తప్పు కాదమ్మా, మీ పెంపకం తప్పూ కాదు. మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇంట్లో రోజు ఒక తీరుగా నడవాలి. ఏ పని తర్వాత ఏ పనో పాపకు తెలిసి ఉండాలి. రోజూ అదే వరస. అరవకుండా."

ఆ చివరి మాట దగ్గర ఆమె నా గొంతు వైపు చూసిందని నా అనుమానం.

ఇంటికి వచ్చాక నాలోని నర్సు నిద్ర లేచింది. వార్డులో పేషెంట్లకు మందులు వేసినట్టు టైము ప్రకారం పాపను నడిపిస్తానని కూర్చున్నాను. ఫోనులో అలారాలు పెట్టాను. లేచేదానికి ఒకటి, స్నానానికి ఒకటి, హోంవర్కుకు ఒకటి. అలారం మోగితే మా పాప చేసే పని ఒక్కటే, ఆ పాటకు డ్యాన్సు. పాట అయిపోతే "ఇంగోసారి పెట్టమ్మా" అనేది. మా ఆయన గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఆరంభశూరత్వం" అని గొణిగాడు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం, ఆయన అన్నది నిజమే. ఆ వారం తిరక్కుండానే అలారాలన్నీ తీసేశాను.

బియ్యం డబ్బా సంగతి జరిగింది ఆ మరుసటి రోజో, ఆ పై రోజో.

మాలో ఒక అలవాటు ఉంది. ఇంటి ఆడది అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా, కడగడానికి ముందు అందులో నుంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అది దేవునిది. ఆదివారం ఆ బియ్యం చర్చికి పోతుంది, లేనివాళ్లకు పంచుతారు. మా అమ్మ చేసేది, నేనూ చేస్తాను. ఆ పొద్దున కంగారులో బియ్యం కొలిచి, గబగబా నీళ్లు పోయబోయాను. వంటింటి గుమ్మంలో ఒంటికాలి మీద గెంతుతున్న పాప ఆగింది.

"అమ్మా, దేవునిది పెట్టలేదే నువ్వు."

నా చేతిలో చెంబు ఆగిపోయింది. కాళ్ల కింది చెప్పు కనిపించని పిల్ల, చేతిలో బ్రష్షు సంగతి మరిచిపోయే పిల్ల, నేను రోజూ చేసే ఈ పనిని ఎప్పటి నుంచి చూస్తోంది? ఎంత శ్రద్ధగా చూస్తే నేను మరిచిపోయిన రోజున దానికి తెలుస్తుంది? నేను కింద కూర్చుని గిన్నె దాని ముందు పెట్టాను.

"నువ్వే పెట్టు. ఈ రోజు నుంచి ఇది నీ పని" అన్నాను.

పాప కూర్చుంది. బాసిపట్లు వేసుకుని, ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చుంది. పిడికిట్లోకి బియ్యం తీసుకుని, వేళ్ల సందుల్లో నుంచి జారే గింజలను రెండో చేత్తో పట్టుకుంటూ, ఒక్క గింజ కింద పడకుండా డబ్బాలో వేసింది. పోలియో చుక్కలప్పుడు కూడా ముగ్గురు పట్టుకోవలసి వచ్చిన పిల్ల అది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వంటింట్లో నిజంగానే ఒక చిన్న గంతు వేశాను, కుక్కర్ సాక్షి.

అప్పుడు తట్టింది. గడియారం దీనికి ఎక్కదు. పని ఎక్కుతుంది. ఒక పని తోక పట్టుకుని ఇంకో పని రావాలి. బియ్యం పెట్టాక పళ్లు. పళ్లయ్యాక స్నానం. స్నానం తర్వాత తల దువ్వుకోవడం. దువ్వాక బ్యాగు. బ్యాగు సర్దాక టిఫిను. టైము ఎంతయిందని అడిగేది లేదు, "తర్వాత ఏంది?" అని అడిగేదొక్కటే. సాయంత్రం కూడా ఇలాగే ఒక వరస. మొదట్లో నేను దాని పక్కనే నడిచాను, అడుగడుక్కీ. చీమల బారు వచ్చిందనుకోండి, "తర్వాత ఏంది?" అనేదాన్ని, అంతే. అది చీమలకు టాటా చెప్పి కదిలేది. అన్ని రోజులూ కాదు. సగం రోజులు. ఆ సగమే నాకు పండగ.

ఇంతలో మా ఇంట్లో బియ్యం తరిగిపోవడం మొదలైంది.

"మొన్నే కదా మూట తెచ్చినా. యాడికి పోతాండాయి బియ్యం?" అని మా ఆయన అడిగాడు. ఎలుకల మీద నేరం మోపాను. ఆయన బోను తెచ్చి పెట్టాడు. ఎలుక పడలేదు. ఆదివారం దేవుని డబ్బాను సంచిలో ఒంపుదామని ఎత్తితే లేవలేదు. దాని పక్కన ఇంకో డబ్బా, అదీ నిండుగా. ఆ సంచి మోసుకుని చర్చికి పోతే పాస్టరు అయ్యగారి భార్య దాన్ని ఒక చేత్తో అందుకోబోయి రెండు చేతులూ వేసింది.

"ఏందమ్మా, మీ ఇంట్లో పెండ్లి పెట్టుకున్యారా?" అని అడిగింది.

ఇంటికి వచ్చి పాపను కూర్చోబెట్టి అడిగాను. అది తల దించుకుంది.

"పెట్టినానా లేదా అని మర్చిపోతాండా అమ్మా. అందుకని వంటింట్లోకి వచ్చినప్పుడంతా పెడతాండా."

నేను నవ్వుదామని నోరు తెరిచాను, ఏడుపు వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల తను మరిచిపోతానని తెలుసుకుని, మరిచిపోకుండా ఉండడానికి తనకు తోచిన దారి వెతుక్కుంది. మేమందరం దాన్ని లెక్కలేని పిల్ల అనుకున్నాం. దానికి ఎంత దిగులుందో ఆ రోజే తెలిసింది. దగ్గరికి తీసుకున్నాను. తర్వాత ఇద్దరం కలిసి ఒక ఉపాయం చేశాం. పిడికెడు వేయగానే డబ్బా మీద గరిటె అడ్డంగా పెట్టాలి. గరిటె ఉంటే వేసినట్టు. మళ్లీ అన్నం వండేటప్పుడు నేను తీసేస్తాను. పాపకు అది ఎంత నచ్చిందంటే అన్నింటికీ ఒక గుర్తు కావాలంది. పళ్లు తోముకుంటే మగ్గు బోర్లించాలి. బ్యాగు సర్దితే గడపకు ఆనించాలి. పొద్దున ఇల్లు చూస్తే చాలు, పిల్ల ఎక్కడి దాకా వచ్చిందో తెలిసిపోయేది.

నా అరుపులు తగ్గాయి. ఖాలా గోడ మీద నుంచి, "ఏం బేటీ, మీ అమ్మ ఊర్లో లేదా?" అని అడిగిందట పాపను. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు వేస్తే పొద్దుటి వరస చెడిపోతుంది. మేట్రన్‌తో పోట్లాడి పగటి డ్యూటీలు తీసుకున్నాను, బదులుగా పండగల డ్యూటీలన్నీ నెత్తిన వేసుకున్నాను. స్కూలు టీచరమ్మకు గరిటె కథ చెప్పాను. ఆమె నవ్వి, పాపకు ప్రతి పీరియడ్ తర్వాత బోర్డు తుడిచే పని ఇచ్చింది. లేవడానికి ఒక వేళ ఉందని తెలిశాక అది అంతవరకు కూర్చోవడం నేర్చుకుంది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాత్రం కూర్చోలేకపోయేది. అప్పుడు కంజీర చేతికిచ్చాను. పాటకు తాళం వేయడం దాని పని. ఆమెన్ దాకా చేతులకు పని ఉంటే కాళ్లు వాటంతట అవే ఆగాయి.

ఇంత జరుగుతుంటే మా ఆయన ఏం చేస్తున్నాడు? టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. "బాగానే ఉండాది మీ తల్లీకూతుర్ల సంసారం" అనేవాడు. బాగుంటే హాస్టల్ ఎందుకయ్యా అంటే, "అక్కకు మాటిచ్చినా. నువ్వు లేని రోజు ఇదంతా ఎవరు చేస్తారు? రేపు పెద్దదయితే?" అనేవాడు. నేను కోపంతో గ్లాసు లాక్కుని లోపలికి పోయేదాన్ని.

కోత పండగ వచ్చింది. ఆ ఒక్క పండగకు మేట్రన్‌ను బతిమాలి సెలవు తీసుకున్నాను. శనివారం ఉదయం బస్సుకు పోవాలని తెల్లవారకముందే లేచి, పాపను నిద్రలోనే తయారుచేసి ఎత్తుకుని పరిగెత్తాను. బియ్యం లేదు, గరిటె లేదు. పండగ కదా, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఆళ్లగడ్డలో దిగేసరికి రోడ్డు పక్క షెడ్లలో రాళ్లు చెక్కే చప్పుడు, ఎగిరే తెల్లటి దుమ్ము. పాప కళ్లు అప్పటికే నాలుగు వైపులా తిరుగుతున్నాయి. మా అత్త ఇల్లు చుట్టాలతో నిండిపోయి ఉంది. ఎవరు ఎప్పుడు తింటున్నారో, ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో లెక్క లేదు. వదిన వచ్చి ఉంది, గదిలో మంచం మీద కూర్చుని పాపను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

మధ్యాహ్నం చర్చి ఆవరణలో జనం పంటలు తెచ్చి పెడుతున్నారు. గుమ్మడికాయలు, శనగల మూటలు, చెరకు గడలు. వేలానికి తెచ్చిన కోళ్లను కాళ్లు కట్టి చెట్టు నీడన వరసగా పెట్టారు. నేను ఇట్లా తిరిగి అట్లా చూసేలోపల పాప వాటి కట్లన్నీ విప్పేసింది.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు నోరు చాలదు. కోళ్లు శనగల మీద, కోళ్లు చర్చి మెట్ల మీద. అయ్యగారు అంగీ ఎగ్గట్టి ఒకదాని వెంట పడ్డారు. ఒక పెద్ద పుంజు రోడ్డు దాటి, రాళ్ల షెడ్డులో సగం చెక్కిన రాయి మీదికెక్కి కూసింది. అక్కడి పనివాళ్లు ఉలులు వదిలి పట్టుకోవడానికి వచ్చారు. ఎందుకు విప్పినావే అంటే, "వాటికి దప్పికయితాండాది, నీళ్లు తాగిద్దామని" అంది పాప. జనం నవ్వారు. వదిన నవ్వలేదు. నా గోరుచుట్టు మీద అది రోకటి పోటు.

ఆ సాయంత్రం వదిన అందరి ముందే చెప్పింది. "దినచర్యంట, గరిటెలంట. ఫోన్లో కథలు చెప్పినావు కదా నాకు. ఇదేనా? రేపు సాయంత్రం బస్సుకు బట్టలు సర్దు."

"సర్దను" అన్నాను.

"సర్దు" అన్నాడు మా ఆయన, నేల చూస్తూ.

"నా బిడ్డను నేను పంపను. కావాలంటే నువ్వు పో హాస్టల్‌కు" అన్నాను. చుట్టాల ముందు మొగుడిని అంత మాట అన్నందుకు మా అత్త నన్ను కొరకొరా చూసింది. ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. పాప గోడకు ఆనుకుని నిలబడి అంతా వింటోంది. దాని కాళ్లు కూడా ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున నేను ఆడవాళ్లతో కలిసి ఇంటి వెనక ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఆరాధన తర్వాత ఊరందరికీ ప్రేమవిందు. మా అత్త ఇంటి ఆవరణలోనే పొయ్యిలు తవ్వారు. వంట మాస్టరు ఒక పెద్ద వయసు సాయిబు. ఎసరు మరుగుతోంది, ఆయన మనుషులు బియ్యం బుట్టలు ఎత్తి డేగిసా దగ్గరికి తెచ్చారు. అప్పుడు మా పాప ఎక్కడి నుంచి వచ్చిందో, చింపిరి జుట్టుతో వచ్చి రెండు చేతులూ చాపి వాళ్లకు అడ్డంగా నిలబడింది.

"ఆగండి. దేవునిది పెట్టలేదు."

"పక్కకు పో పాపా, కాలుతాది" అన్నాడు ఒకతను.

"దేవునిది పెట్టకుండా పొయ్యగూడదు. ముందు అది. తర్వాతే అన్నీ."

నేను కత్తిపీట వదిలి లేచాను. మళ్లీ ఏం ముంచుకొస్తుందోనని పొయ్యిల వైపు రెండడుగులు వేశాను. వదిన గుమ్మంలోకి వచ్చింది. సాయిబు మాత్రం తన మనుషులను చేత్తో ఆపాడు.

"దేవునిదంటాంది బిడ్డ. ఆగల్ల కదప్పా" అన్నాడు.

పాప ఒక స్టీలు గిన్నె తెచ్చి బుట్టల ముందు కూర్చుంది. ఒక్కో బుట్టలో నుంచి ఒక్కో పిడికెడు. అదే పద్ధతి, రెండో చేత్తో జారే గింజలను పట్టుకుంటూ. అన్ని బుట్టలూ అయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు. చివరికి సాయిబు చేతిలోని పెద్ద గరిటెను అడిగి తీసుకుని గిన్నె మీద అడ్డంగా పెట్టింది. మా అత్త చూస్తూ నిలబడింది. వయసులో ఉన్నప్పుడు ఆళ్లగడ్డలో ఇల్లిల్లూ తిరిగి ఈ పిడికెడు బియ్యం పోగుచేసింది ఆమేనని చర్చిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నేను ఎప్పుడు మానుకున్యానో నాకే తెల్లేదు" అంది అత్త, ఎవరితోనో కాదు, తనతోనే.

పాప అక్కడితో ఆగితే కదా. "తర్వాత పండ్లు" అని తనే పైకి చెప్పుకుని పంపు దగ్గరికి పోయింది. మగ్గు బోర్లించింది. స్నానం చేసి వచ్చింది. నేను దాని వెంట పోదామనుకుని ఆగాను. నిన్నటి గందరగోళంలో తప్పిపోయిన తన రోజును అది మళ్లీ కొస పట్టుకుని లాక్కుంటోంది, నేను చెప్పకుండా, నేను పక్కన లేకుండా. నాకు కేకలు పెట్టి అందరినీ పిలవాలనిపించింది. ఉల్లిగడ్డల నెపం మీద కళ్లు తుడుచుకున్నాను.

దువ్వెన పట్టుకుని వచ్చి చూస్తే నా చేతులు ఖాళీ లేవు. దగ్గర్లో ఉన్నది వదిన. పాప నేరుగా పోయి ఆమె ముందు వీపు తిప్పి కూర్చుంది.

"అత్తా, తల దువ్వు."

వదిన నా వైపు చూసింది. నేను ఉల్లిగడ్డల వైపు చూశాను. ఆమె దువ్వడం మొదలుపెట్టింది. చిక్కులు లాగితే పాప "అబ్బా" అంది గానీ లేవలేదు. రెండో జడ అల్లుతూ వదిన అడిగింది, "తర్వాత ఏంది?"

"తర్వాత బ్యాగు. ఈడ బ్యాగు లేదు కదా, బైబిలు సర్దుకుంటా. తర్వాత టిఫిను. తర్వాత చర్చి. నువ్వు మర్చిపోతే నన్ను అడుగు."

చర్చిలో పాటల దగ్గర పాప చేతికి కంజీర ఇప్పించాను. ప్రసంగం మధ్యలో రెండుసార్లు లేచింది, ఒకసారి బయటికి పోయి వచ్చింది. దేవదూత అయిపోయిందని నేను చెప్పను. వదిన ఆడవాళ్ల వైపు చివర కూర్చుని దాన్నే చూస్తూ ఉంది.

సాయంత్రం బస్టాండుకు నలుగురం నడిచాం. పాప బట్టల సంచి మా ఆయన చేతిలో ఉంది. నేను సర్దలేదు, ఆయనే సర్దాడు. బస్సు రాగానే పాపను ఎత్తుకుని వెనక్కి నడిచేద్దామని దారి పొడుగునా లెక్కలు వేసుకుంటున్నాను. పాప నా చీర కుచ్చిళ్లు పట్టుకుని నడుస్తోంది. కడప బస్సు వచ్చి ఆగింది. మా ఆయన సంచి ముందుకు చాపాడు. వదిన దాన్ని అందుకోలేదు.

"మా హాస్టల్లో గంట కొడితే లేస్తారు, గంట కొడితే తింటారు" అంది ఆమె తమ్ముడితో. "ఈ పిల్లకు గంట పనికిరాదురా. పక్కన మనిషి ఉండాల, దాని ఎంబడి నడిచే మనిషి. నాకు అంతమంది పిల్లలు. అట్లాంటి మనిషిని నేను యాడ నుంచి తేవాల?"

మా ఆయన చాపిన సంచి అట్లాగే ఉంది. కండక్టరు రైట్ రైట్ అంటున్నాడు. నేను ఏదో అనబోయాను, అంతలో ఆయన గొంతు వినిపించింది.

"యాడా తేవద్దులేక్కా. నేనుండా."

వదిన తలాడించి బస్సెక్కింది. బస్సు కదిలిపోయింది. నేను బస్టాండు బల్ల మీద కూర్చున్నాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అంత సంతోషం పట్టడానికి నా గుండె చాలలేదు. మా ఆయన సంచి భుజానికి వేసుకుని, పాప ముందు వంగి, కొత్త మనిషితో మాట్లాడినట్టు మెల్లగా అడిగాడు.

"ఇంటికి పోయినాక ముందు ఏం చెయ్యాలమ్మా మనం?"

పాప ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఇప్పుడు చెప్తే మర్చిపోతావు నాయనా. నా ఎంబడి రా."